నయాపూల్ అవతల సొంత పాలన

నయాపూల్ మీద నిలబడి మదీనా వైపు మొహం పెడితే కుడిచేతి పక్కన, మూసీ దక్షిణపు గట్టున, హైకోర్టు గుమ్మటాలు కనబడతాయి. 1920లో తెరిచారు దాన్ని. వెనక్కి తిరిగితే ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆస్పత్రి, అఫ్జల్‌గంజ్, పెద్ద లైబ్రరీ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాదిమందిని మింగేసింది. ఆ తర్వాత ఏడో నిజాం కాలంలో ఈ రెండు గట్లనూ కొత్తగా తీర్చారు. న్యాయం, వైద్యం, చదువు, ఆధునిక రాజ్యానికి ఏమేం వుండాలో అవన్నీ ఈ వంతెనకి అటూ ఇటూ కూర్చోబెట్టారు. చార్మినార్ చూపించడానికి పిల్లల్ని తీసుకెళ్ళే టీచర్లు ఇక్కడ బస్సుని కాసేపు నెమ్మది చేయించి ఈ భవనాల పేర్లు చెబుతారు. చెప్పాల్సినవే.

అదే వంతెన మీద నుంచి నది వాలుకి, తూర్పుగా చూస్తే చాదర్‌ఘాట్ వైపు. అక్కడికి దగ్గర్లోనే ఇసామియా బజారు. అక్కడ చూపించడానికి గుమ్మటాలేం లేవు. కానీ హైకోర్టుకి పునాది తవ్వకముందే, 1910లో, అంటరాని పిల్లల కోసం అంటరానివాళ్ళే నడుంకట్టి పెట్టుకున్న బడి ఆ బజారులో మొదలైంది. ఆ తర్వాతి ఇరవై యేళ్ళలో తమ తగాదాలు తామే తీర్చుకునే పంచాయితీలు, సంఘాలు, ఒక పత్రిక, తమకంటూ ఒక పేరు, అన్నీ ఆ చుట్టుపక్కల నుంచే వచ్చాయి. స్వపరిపాలన అన్న మాటకి హైదరాబాదులో అర్థం వెతికేవాళ్ళు ఈ వైపు ఎందుకు చూడరు అన్నదే మా ప్రశ్న.

మామూలుగా మనకి చెప్పే కథ తెలిసిందే. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1921లో వివేకవర్ధని హాల్లో తెలుగులో మాట్లాడబోయిన ఆలంపల్లి వెంకటరామారావుని గోల చేసి కూర్చోబెడితే, ఆ అవమానంలోంచి పుట్టిన ఆంధ్ర జనసంఘం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ. అక్కడి నుంచి బాధ్యతాయుత ప్రభుత్వం కోసం పోరాటం. ఇందులో అబద్ధం ఏమీ లేదు. అయితే ఈ కథలో స్వపరిపాలన కోరేవాళ్ళందరూ వకీళ్ళు, దేశ్‌ముఖులు, గ్రంథాలయ కార్యదర్శులు. మాల మాదిగలు ఎక్కడైనా కనబడితే ‘హరిజనోద్ధరణ’ అనే తీర్మానంలో కనబడతారు. అంటే ఎవరో ఉద్ధరించాల్సిన వస్తువులుగా. వాళ్ళు తమని తాము పాలించుకోవడానికి చేసిన పని లెక్కకి రాదు.

ఎందుకు రాదంటే, ఆ పని చాలావరకు మతం మాటల్లో జరిగింది. హరికథ, భజన, బుద్ధ జయంతి, కుల పంచాయితీ, పేరు మార్పిడి, మద్యం మానిపించడం. మన చరిత్రకారులు వీటిని ‘సంఘ సంస్కరణ’ అనే గదిలో పెట్టి తాళం వేశారు. రాజకీయాలకి వేరే గది. ఈ విభజన ఎవరికి పనికొచ్చిందో ఆలోచించాలి. జనం ఎన్నుకున్న చట్టసభ లేని చోట, సభ పెట్టుకోవాలంటే ముందు సర్కారు అనుమతి తెచ్చుకోమనే గస్తీ నిషాన్ 53 వున్న చోట, భజన మండలి తప్ప సభ ఎక్కడ పెట్టుకుంటారు? మతం వాళ్ళకి దాక్కునే చోటు మాత్రమేనని మేం అనడం లేదు. వాళ్ళు నిజంగానే దేవుడి గురించి, పుణ్యం గురించి తలలు బద్దలు కొట్టుకున్నారు. కానీ ‘ఎవరు ఎవరికి లోబడాలి’ అనే ప్రశ్న వాళ్ళకి మొదట గుడి దగ్గరే ఎదురైంది, కలెక్టరు కచేరీ దగ్గర కాదు.

ఇక్కడ ఒక అపోహ తీర్చుకోవాలి. కొత్త భావాలన్నీ వోడ దిగి వచ్చాయని, మిషనరీ చెప్తేగానీ అంటరానివాడికి తాను మనిషినని తెలియలేదని ఒక వాదం వుంది. అటు మిషన్ పుస్తకాలు, ఇటు మిషన్లని తిట్టేవాళ్ళు, ఇద్దరూ దీన్నే చెబుతారు. తెలుగు నేల మీద జరిగింది అంత తేలిక కాదు. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుల్లో దూదేకుల సిద్ధయ్యనీ, మాదిగ కక్కయ్యనీ జనం ఎన్ని తరాలుగానో తలుచుకుంటున్నారు. అచల, రాజయోగ గురువుల వెంట అంటరాని కులాలవాళ్ళు తిరిగారు. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి అలాంటి యోగ మార్గంలో వుంటూ, 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌకి ఊళ్ళన్నీ తిప్పి చూపించింది ఆయనే. 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారని మిషన్ చరిత్ర గొప్పగా చెప్పుకుంటుంది. కానీ ఆ జనాన్ని నదిదాకా తీసుకొచ్చింది తోళ్ళ బేరం మీద ఊరూరా తిరిగిన వాళ్ళ చుట్టరికాలూ, గురుశిష్య సంబంధాలూను. పాత దారిలో నడిచివచ్చినవాళ్ళే కొత్త మాటని పట్టుకున్నారు.

నిజాం రాజ్యంలోనూ అంతే. దోర్నకల్‌లో 1912లో ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్‌గా అజరయ్య వచ్చాడు. దేశంలో ఇంకెక్కడా లేనిది, తెల్లవాడు కాని బిషప్ కింద ఒక చర్చి. ఆ చర్చిలో ఎక్కువమంది మాల మాదిగలే. సంఘ పెద్దల్ని ఎన్నుకోవడం, చందా వేసుకోవడం, లెక్క చెప్పడం పల్లెలో వాళ్ళకి ఇక్కడే అలవాటైంది. పంచాయతీరాజ్ చట్టాలు రావడానికి చాలా ముందు సంగతి ఇది.

హైదరాబాదు నగరానిది ఇంకో రకం స్థితి. బ్రిటిష్ వాళ్ళు నేరుగా పాలించని రాజ్యం, కానీ వాళ్ళ నీడ లేని చోటూ కాదు. కోఠీలో రెసిడెన్సీ, దాని చుట్టూ సుల్తాన్ బజారు. ఈ రెసిడెన్సీ బజార్లు 1933లో తిరిగి నిజాంకి అప్పగించేదాకా బ్రిటిష్ అధికారం కిందే వుండేవి. మరో పక్క సికింద్రాబాదు కంటోన్మెంటు. నిజాం హద్దులో మాట్లాడలేనిది నాలుగు వీధులు దాటి ఇక్కడ మాట్లాడుకోవచ్చు. భాషానిలయం, 1892లో వచ్చిన ఆర్యసమాజం, ఇవన్నీ ఈ ప్రాంతంలోనే పుట్టడం యాదృచ్ఛికం కాదు. పట్టణంలో అంటరాని కులాలవాళ్ళకి పల్లెలో లేనిది ఇంకొకటి దొరికింది: నెల జీతం. దొరల ఇళ్ళల్లో బట్లర్లు, కంటోన్మెంటులో నౌకర్లు, సర్కారు శాఖల్లో చిన్న వుద్యోగులు, చిల్లర కంట్రాక్టర్లు. వెట్టి చేసేవాడు సంఘానికి చందా ఎక్కడ నుంచి తెస్తాడు? జీతం వచ్చేవాడు అణా ఇవ్వగలడు. ఈ సంఘాల చరిత్రకి ఈ అణాయే మొదటి పేజీ.

అలాంటి ఇంటి నుంచే మాదరి భాగయ్య వచ్చాడు. 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టాడు. కుర్రతనంలో ఒక రోమన్ కాథలిక్ బారిష్టరు ఇంట్లో పనికి కుదిరాడు. చదువూ, లోకం సంగతులూ అక్కడ అబ్బాయి. వాళ్ళింటి గురువు అతన్ని ‘భాగ్యరెడ్డి’ అన్నాడు. రెడ్డి అంటే రేడు, అంటే ఏలేవాడు. ఈ నేలని మొదట ఏలింది మీవాళ్ళే, ఆ పేరు మీది అని ఆ గురువు వాదం. తర్వాత 1913లో ఆర్యసమాజం వాళ్ళు ‘వర్మ’ అన్న బిరుదు ఇచ్చారు. అదీ క్షత్రియ పదమే. భాగ్యరెడ్డివర్మ అన్న పేరులో ఏలికని చెప్పే మాటలు రెండున్నాయి. నవ్వొచ్చినా ఆలోచించాల్సిన విషయం: పాలించే హక్కు కోరడానికి ఆయనకి దొరికిన మాటలు రెండూ పై కులాల సంచిలోవే. ఈ ఇబ్బంది ఆయన జీవితమంతా వుంది. మనకీ పూర్తిగా పోలేదు.

1906లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, జగన్మిత్ర మండలి పెట్టాడు. దాని పని హరికథలు, భజనలు, చిన్న చిన్న పుస్తకాల ద్వారా బస్తీల్లో ప్రచారం. 1911లో అదే మన్యసంఘం అయింది. 1920ల మొదట్లో ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. పేర్లు మారిన వరస గమనించండి. మొదటిది లోకానికంతా మిత్రులమంటుంది. మూడోది మేమే మొదటివాళ్ళం అంటుంది. పదిహేనేళ్ళలో అంత దూరం నడిచారు.

ఇక పంచాయితీ సంగతి. చదువుకున్నవాళ్ళు కుల పంచాయితీ అనగానే మొహం చిట్లిస్తారు, అందుకు కారణాలూ వున్నాయి. వాడల్లో పంచాయితీ అంటే ఏంటో తెలియని విద్యార్థుల కోసం కాస్త వివరంగా చెబుతాం. పెళ్ళి, మారుమనువు, మొగుడూ పెళ్ళాల తెగతెంపులు, అప్పు, తాగి కొట్టుకోవడం, చావు ఖర్చు, ఇవన్నీ పెద్దమనుషుల ముందుకి వచ్చేవి. తప్పు చేసినవాడికి ‘తప్పు’ వేసేవాళ్ళు, అంటే జరిమానా. ఆ డబ్బు చాలాసార్లు అక్కడికక్కడే కల్లుకి పోయేది. మాట వినకపోతే వెలి. పెద్దరికం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. కోర్టుకి పోదామంటే పోలేరు. స్టాంపు కాయితం, వకీలు ఫీజు, ఉర్దూలో దరఖాస్తు. పైగా మెట్లెక్కనిస్తారన్న నమ్మకం లేదు. అందుకని మంచో చెడో, వాడకి వున్న ఒకే ఒక్క ప్రభుత్వం ఈ పంచాయితీ.

భాగ్యరెడ్డివర్మ, ఆయన తోటివాళ్ళు దీన్ని తీసి పారెయ్యలేదు. తిరగేసి కుట్టారు. నగరంలోని వాడల పెద్దల్ని కూడగట్టి, ఆది హిందూ సంఘం కిందికి తెచ్చి, తగాదాలు అక్కడ తీర్చుకోవాలన్నారు. పంచాయితీలో కూచున్నప్పుడు తాగకూడదన్నారు. కల్లు మానమన్న ప్రచారంలో నీతులు చాలానే వున్నాయి కానీ, దాని గట్టి కారణం మాకు ఇక్కడే కనబడుతుంది: తాగిన న్యాయాధిపతి చెప్పిన తీర్పుకి విలువేంటి? జరిమానా తాగేసే కోర్టుని ఎవడు నమ్ముతాడు? ఏ రోజుల్లో నయాపూల్ పక్కన గులాబి రాళ్ళతో హైకోర్టు లేస్తోందో, 1921లో నిజాం ఫర్మానాతో న్యాయశాఖని కార్యనిర్వాహక శాఖ నుంచి విడదీస్తున్నారో, ఆ రోజుల్లోనే కొద్ది దూరంలో ఈ మనుషులు తమ న్యాయాన్ని కల్లు కుండ నుంచి విడదీస్తున్నారు. రెండోది ఏ గెజెట్‌లోనూ అచ్చవ్వలేదు.

పంచాయితీకి తోడు సంఘం అనే రూపం కొత్తది. కులంలో పుట్టుకతో వుంటాం, సంఘంలో చేరితేనే వుంటాం. చేరడం, చందా, రశీదు, కార్యదర్శి, తీర్మానం, ఓటు, ఓడిపోయినవాడు అలిగి వేరు సంఘం పెట్టడం. చివరిది కూడా స్వపరిపాలనలో భాగమే అని మేం అనుకుంటాం, దానికి మళ్ళీ వస్తాం.

బళ్ళు. 1910లో ఇసామియా బజారులో, లింగంపల్లిలో మొదలుపెట్టినవి 1933 నాటికి 26 అయ్యాయి, 2,500 మంది పిల్లలు చదివేవాళ్ళు. తర్వాత నిజాం ప్రభుత్వం వాటిని తన చేతిలోకి తీసుకుంది. ఈ బళ్ళల్లో చెప్పింది తెలుగులో. సర్కారు చదువు ఉర్దూలో నడిచే రాజ్యంలో, తెలుగు మాట్లాడితే సభలో గోల చేసిన నగరంలో, పదకొండేళ్ళ ముందు నుంచే మాలవాడ మాదిగవాడ పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు. తెలంగాణలో తెలుగు కోసం జరిగిన కృషి చెప్పే పుస్తకాలు గోలకొండ పత్రిక దగ్గర ఆగి నమస్కారం పెడతాయి, పెట్టాలి కూడా. ఇసామియా బజారు దగ్గర ఆగినవి ఎన్ని?

1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో ఒక సభ జరిగింది. హైదరాబాదు కథలోకి బెజవాడ ఎందుకు వస్తుందంటే, దానికి అధ్యక్షత వహించింది భాగ్యరెడ్డివర్మ. గూడూరు రామచంద్రరావు పూనుకుని పెట్టించిన ఆ సభ పేరు ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాసభ. అధ్యక్షుడు లేచి మొదట ఆ పేరునే ప్రశ్నించాడు. పంచములు అనే మాట ఏ పురాణంలో వుంది? ఈ నేల మీద మొదట నుంచి వున్నవాళ్ళం మేం, మేం ఆది ఆంధ్రులం. సభ పేరు సభలోనే మారిపోయింది. అంటరానివాళ్ళు గుళ్ళోకి వచ్చేస్తారేమోనని ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి మూసేశారు. దర్శనానికి ఎవరూ అడగకముందే తలుపులు వేసుకున్నారంటే సభ ఏం చేసిందో సభలో వున్నవాళ్ళకన్నా పూజారులకే బాగా అర్థమైందన్నమాట.

ఆ తేదీల్ని ఇంకో తేదీ పక్కన పెట్టి చూడాలి. అదే సంవత్సరం ఆగస్టు 20న భారత వ్యవహారాల మంత్రి మాంటేగు లండన్ పార్లమెంటులో, ఇండియాలో స్వపరిపాలనా సంస్థల్ని క్రమంగా పెంచుతామని ప్రకటించాడు. నవంబరులో ఆయన ఈ దేశానికే వచ్చాడు. హోంరూల్ మాట అందరి నోటా నానుతోంది. కోస్తాలో ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కోసం 1913 నుంచి సభలు జరుగుతున్నాయి. ఇలా ‘స్వ’ అన్న ముక్కకి అర్థం ఖాయమవుతున్న సమయంలో, ఆ ‘స్వ’లో మేం వున్నామా అని బెజవాడ సభ అడిగింది. అడగడమే కాదు, ఆంధ్రులం అంటున్నారు గదా, మొదటి ఆంధ్రులం మేమే అని కూచుంది. తెలుగు జాతీయత గురించి రాసేవాళ్ళు ఈ సభని ఒక్క వాక్యంలో దాటెయ్యడం మాకు ఎప్పుడూ వింతగానే వుంటుంది.

‘ఆది’ అన్న ఈ భావం ఎక్కడిది? కొంత కాల్డ్‌వెల్ లాంటివాళ్ళ నుంచి. 1856లో ఆయన రాసిన ద్రావిడ భాషల వ్యాకరణం తర్వాత ఆర్య ద్రావిడ భేదం బళ్ళల్లోకి వచ్చింది. ఆర్యులు బయటి నుంచి వచ్చారన్న మాటని తెల్లవాళ్ళు తమ పాలనకి సమర్థనగా వాడారు, మీకన్నా ముందు వచ్చినవాళ్ళూ విదేశీయులేగా అని. బ్రాహ్మణ పండితులు తాము యూరోపు వాళ్ళకి దాయాదులమని మురిసిపోయారు. మహారాష్ట్రలో ఫూలే అదే మాటని తలకిందులు చేశాడు. 1873లో సత్యశోధక సమాజం పెట్టేనాటికే చేశాడు. మద్రాసు వైపు అయోతీదాస్ 1898లో బౌద్ధం దాకా తీసుకెళ్ళాడు. పంజాబులో మంగూరాం 1926లో ఆద్ ధర్మ్ అన్నాడు. ఉత్తరప్రదేశ్‌లో అచ్యుతానంద్ ఆది హిందూ అన్నాడు. వీళ్ళంతా ఒకరిని చూసి ఒకరు చేశారా, వేర్వేరుగా చేశారా అన్నది పెద్ద చర్చ. మాకు తోచింది ఒకటే. భూమి మీద పట్టా లేనివాడికి, గుళ్ళోకి దారి లేనివాడికి, ‘మొదట వచ్చింది నేను’ అనడం కన్నా పెద్ద దస్తావేజు ఇంకొకటి వుండదు. జాతుల సిద్ధాంతంగా అది నిలబడదని ఇవ్వాళ మనం చెప్పొచ్చు. నిలబడకపోయినా అది చెయ్యాల్సిన పని చేసింది.

ఏం చేసిందంటే, లెక్కలోకి వచ్చింది. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ లాంటి పేర్లు తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయడం మొదలుపెట్టింది. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ఆది హిందువుల్ని ఆ పేరుతోనే లెక్కపెట్టింది. ఆ రోజుల్లో జనాభా లెక్క అంటే అంకెల పుస్తకం అనుకోవద్దు. ఎవరెంతమందో తేలితే ఎవరికెన్ని సీట్లో తేలుతుంది. 1930లో లక్నోలో జరిగిన ఆది హిందూ మహాసభకి అధ్యక్షుడుగా వెళ్ళిన భాగ్యరెడ్డివర్మ, రౌండ్ టేబుల్ సమావేశంలో మా తరఫున అంబేద్కరే మాట్లాడాలన్నాడు. 1932 సెప్టెంబరులో పూనా ఒడంబడిక వచ్చి బ్రిటిష్ రాష్ట్రాల్లో 148 రిజర్వుడు సీట్లు ఇస్తే, అందులో 30 మద్రాసువి. నిజాం రాజ్యానికి మాత్రం అవేమీ వర్తించలేదు. ఇక్కడ సీట్లు పంచుకోవడానికి సభంటూ వుండాలి గదా. 1937లో అరవముదం అయ్యంగార్ కమిటీ, 1939లో సంస్కరణల ప్రకటన, ఆ సభ మాత్రం ఇంకా కొన్నేళ్ళకి గానీ కూడలేదు. అప్పటికి భాగ్యరెడ్డివర్మ పోయి కొన్నేళ్ళయింది. ఆయన చనిపోయింది 1939 ఫిబ్రవరి 18న.

ఇంతదాకా మెచ్చుకున్నాం. మెచ్చుకోలేనివీ చెప్పాలి. లేకపోతే ఇది జయంతి వుపన్యాసం అవుతుంది, అవి ప్రతి మే 22నా కావలసినన్ని దొరుకుతాయి.

మొదటిది ఆశ్రయం సమస్య. ఆది హిందూ లీగుకి అధ్యక్షుడుగా వున్నది రాయ్ బాలముకుంద్, హైకోర్టు మాజీ జడ్జి, అగ్రకులస్థుడు. భాగ్యరెడ్డివర్మ జీవరక్షా జ్ఞాన ప్రచారక మండలికి ప్రచారకుడుగా కూడా పనిచేశాడు. జంతుబలి వద్దు, మాంసం వద్దు అని ఊరూరా చెప్పడం ఆ మండలి పని. దాని వెనక గుజరాతీ వర్తకులున్నారు. బ్రహ్మసమాజం, ఆర్యసమాజం కూడా చెయ్యి అందించాయి. ఈ చేతులు పట్టుకోకపోతే బళ్ళు నడిచేవి కావు. ఒప్పుకుంటాం. కానీ పోశమ్మకి కోసే కోడి, మైసమ్మకి కోసే మేక వాడ మనుషుల తిండి కూడా. అది అనాగరికం అని వాళ్ళకి వాళ్ళ మనిషి చేతే చెప్పించడం ఎవరి సంస్కరణ? ఆర్యసమాజానికి శుద్ధి చేసిన హిందువులు కావాలి. ఎందుకంటే ఇటు మజ్లిస్, అటు మిషన్లు తలలు లెక్కపెట్టుకుంటున్నాయి. అంటరానివాళ్ళ తలలు అందరికీ కావాలి, వాళ్ళ నోళ్ళు ఎవరికీ అక్కర్లేదు. ఈ లాగులాటలో భాగ్యరెడ్డివర్మ ఏ ఒక్కరి జేబులోకీ పూర్తిగా పోలేదని మాత్రం చెప్పగలం. ఆర్యసమాజం బిరుదు తీసుకున్న 1913లోనే ఆయన బుద్ధ జయంతి జరిపాడు. మళ్ళీ 1937లోనూ జరిపాడు. అంబేద్కర్ నాగపూర్ దీక్ష 1956లో. దానికి నలభై మూడేళ్ళ ముందు మూసీ ఒడ్డున వైశాఖ పున్నమి జరుపుకున్నారన్నది చిన్న సంగతి కాదు.

రెండోది ఆడవాళ్ళు. జోగిని, మురళి ఆచారాల్ని ఆపాలని భాగ్యరెడ్డివర్మ, అరిగే రామస్వామి గట్టిగా పనిచేశారు. ఊరి పెద్దల పడకకి దేవత పేరు మీద దళిత ఆడపిల్లని రాసిచ్చే ఆచారం అది. దాన్ని వెనకేసుకురావడానికి మేం సిద్ధంగా లేం. కానీ పంచాయితీలో కూచున్నది మగవాళ్ళే. జోగిని మానేసిన తర్వాత ఆమె ఎట్లా బతకాలి, పొలం ఎవరిస్తారు, పిల్లలకి తండ్రి పేరు ఏం రాయాలి అనే ప్రశ్నలు కులం పరువు అనే ఒక్క మాట కింద పడిపోయాయి. 1988లో ఆంధ్రప్రదేశ్‌లో దేవదాసీ, జోగిని ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చాక కూడా అవే ప్రశ్నలు అట్లాగే మిగిలాయి. సొంత పాలన ఇంట్లోకి వచ్చేసరికి ఎవరి సొంతం అయిందో చూడాలి.

మూడోది మాల మాదిగల సంగతి. నాయకత్వం చాలావరకు మాలలది. 1931లో భాగ్యరెడ్డివర్మ తన ‘భాగ్యనగర్ పత్రిక’లో ‘వెట్టి మాదిగ’ అనే కథ రాశాడు. మాదిగల వెట్టి బాధ మీద మాల నాయకుడు రాసిన ఆ కథని దళిత కథల్లో మొదటి వరసలో లెక్కపెడతారు. కథలో కనిపించిన దగ్గరతనం సంఘంలో అంతగా లేదు. అరుంధతీయ, మాతంగి పేర్లతో మాదిగలు వేరు సభలు పెట్టుకున్నారు. అప్పట్లో దీన్ని చీలిక అన్నారు, ద్రోహం అన్నవాళ్ళూ వున్నారు. మేం ఆ మాట వాడం. పై కులాల్ని మాలలు ఏ ప్రశ్న అడిగారో అదే ప్రశ్న మాదిగలు మాలల్ని అడిగారు: ఈ ‘స్వ’లో మేం ఎక్కడ? 1994లో ఈదుమూడిలో మొదలైన దండోరా అదే అడిగింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకి అడ్డు లేదని చెప్పి, 2025 ఏప్రిల్ 14న తెలంగాణ చట్టం అమల్లోకి వచ్చేదాకా ముప్ఫయ్యేళ్ళు పట్టింది. లెక్క అసలు మొదలు నుంచి వెయ్యాలంటే ఇసామియా బజారు రోజుల నుంచి వెయ్యాలి.

1930ల మధ్యకి వచ్చేసరికి మతం మాటలతో రాజకీయం నడిపే కాలం మారింది. 1935 అక్టోబరులో యేవలాలో అంబేద్కర్ హిందువుగా చావనన్నాడు. 1936 మే చివర బొంబాయిలో మహర్ల మహాసభ జరిగితే దానికి అధ్యక్షత వహించింది హైదరాబాదు నుంచి వెళ్ళిన బి.ఎస్. వెంకటరావు. ఇక్కడ ఆయన్ని హైదరాబాద్ అంబేద్కర్ అనేవాళ్ళు. ఆయనా, బి. శ్యాంసుందర్ లాంటి కుర్రవాళ్ళూ ‘ఆది హిందూ’లోని రెండో ముక్కని వదిలేద్దామన్నారు. హిందూ అన్న తోక మనకెందుకు అని. వెంకటరావు 1947లో లాయక్ అలీ మంత్రివర్గంలో చేరాడు. దళితుల చదువు కోసం కోటి రూపాయల నిధి పెట్టించాడు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఈ నాయకులకి నిజాం మనుషులు అనే ముద్ర పడింది. రజాకార్ల కాలంలో ఆ మంత్రివర్గంలో వుండటం సరైన పనేనని మేం వాదించం. కానీ బాధ్యతాయుత ప్రభుత్వం వస్తే అది దేశ్‌ముఖుల ప్రభుత్వమే అవుతుందని వాళ్ళు పడ్డ భయం వుత్తి భయమేనా అన్నది, ఆ తర్వాత భూములు ఎవరి చేతుల్లో మిగిలాయో చూసినవాళ్ళు చెప్పాలి.

ఈ వ్యాసానికి సిద్ధపడుతూ మేం కొందరు విద్యార్థులతో కలిసి నయాపూల్ నుంచి అఫ్జల్‌గంజ్, కోఠీ మీదుగా ఇసామియా బజారు దాకా నడిచాం. అరగంట నడక, ఎండాకాలమైతే ఇంకొంచెం. దారిలో పాత రెసిడెన్సీ వుంది. ఒకప్పటి రెండు రాజ్యాల హద్దు దాటుతున్నట్టు ఎక్కడా తెలియదు. అడిగితే పెద్దవాళ్ళు ‘మా తాత ఆ బళ్ళోనే చదివాడు’ అన్నారు. అంతకుమించి కాయితం చూపించగలిగినవాళ్ళు తక్కువ. సంఘాల చందా రశీదులు, పంచాయితీ తీర్పులు రాసుకున్న చిట్టాలు, సభల కరపత్రాలు, భాగ్యనగర్ పత్రిక విడి సంచికలు, బడి ఫోటోలు ఇంకా కొన్ని ఇళ్ళల్లో ట్రంకుపెట్టెల అడుగున వుండే వుంటాయి. ఇసామియా బజారు, చాదర్‌ఘాట్, లింగంపల్లి, సికింద్రాబాదు ఘాస్‌మండి వైపు వుండే టీచర్లు తమ క్లాసు పిల్లల్ని ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దల్ని అడిగి రమ్మనండి. అసలు కాయితం ఎవరూ ఇవ్వనక్కర్లేదు. చూసి, ఫోటో తీసుకుని, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేద్దాం.